నవ్వని బొమ్మ

కూనిమలై తోటలో పేచ్చాయి అందరి ముందూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది ఒక్కరోజే. ఆ రోజు ఆమెకు పడింది అర పేరు.

తేయాకు తోటలో రోజు కూలిని పేరు అంటారు. చెప్పినంత ఆకు తెచ్చి తూకం వేయించినవాళ్ళకు పేరు పడుతుంది. తూకం తగ్గితే అర పేరు. తెల్లవారినప్పటినుంచీ వానలో, జలగల మధ్య కొండవాలున నిలబడినా సరే, సాయంత్రానికి బుట్ట నిండకపోతే ఆ మనిషి సగమే పనికి వచ్చినట్టు లెక్క.

ఆ రోజు కొలంబో నుంచి కంపెనీవాళ్ళు జీపులో వచ్చారు. వరసల మధ్య తిరుగుతూ, సంతలో కోడెలను చూసినట్టు ఆడవాళ్ళను చూసి, పలువరస బాగుందని పేచ్చాయిని పక్కకు పిలిచారు. నడుముకు కట్టుకున్న పడంగు విప్పమన్నారు. పడంగు అంటే గోనె ముక్క. తేయాకు కొమ్మలు గీసుకుని చీర చిరగకుండా, మంచుకు తడవకుండా ప్రతి ఆడమనిషీ అది కట్టుకునే కొండ ఎక్కుతుంది. అది తీయించి, తాము తెచ్చిన ఎర్ర చీర కట్టించారు. కాగితపు పూలు పెట్టి కెమెరా ముందు నిలబెట్టారు. నవ్వమన్నారు. మబ్బు వస్తే ఆగమన్నారు, ఎండ వస్తే మళ్ళీ నవ్వమన్నారు. పొద్దు వాలేదాకా అదే పని. పోతూ పోతూ చీర, పూలు వాళ్ళే విప్పించుకు పోయారు.

తూకం దగ్గర ఖాళీ బుట్ట చూసి, కూలీల మేస్త్రీ అయిన కంగాణి అర పేరు వేశాడు. నేనేమైనా కూర్చున్నానా, మీవాళ్ళే కదా నిలబెట్టారు అని పేచ్చాయి అడిగింది.

"నవ్వడం పని ఎప్పుడైంది పేచ్చాయీ?" అన్నాడు కంగాణి.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. పేచ్చాయి నవ్వలేదు.

అప్పటికి ఆమె కూతురు తిలకవతికి ఎనిమిదేళ్ళు. మరుసటి ఏడాది హట్టన్ బజారులో అద్దాల కొట్టు ముందు ఆ పిల్ల ఆగిపోయింది. టీ డబ్బా మీద అమ్మ. ఎర్ర చీర, పూలు, నవ్వు. మా అమ్మ, మా అమ్మ అని గంతులు వేసింది. తోటపిల్లలంతా ఇదే మాట అంటారని కొట్టతను విసుక్కుని తరిమాడు. ఇంటికి వచ్చి చెప్తే పేచ్చాయి రొట్టె కాలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"అది నేను కాదే. నేనైతే పడంగు కట్టుకుని ఉంటాను."

ఆ మాట ఆ వయసులో తిలకవతికి అర్థం కాలేదు. కొన్నాళ్ళపాటు ఆ డబ్బా బొమ్మ చూసి గర్వపడింది కూడా. పలక మీద అదే గీసేది.

ఆమెకు రంగులు నేర్పింది మేనమామ వీరముత్తు. తోటలో ఏటా మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, కాముని ఆట ఆడతారు. శివుడు మన్మథుణ్ణి బూడిద చేస్తాడు, రతి ఏడుస్తుంది. మొక్కుకున్న మగవాళ్ళే ఉపవాసాలుండి ఆ వేషాలు కడతారు. వాళ్ళ ముఖాలకు రంగులు వేసేది వీరముత్తు. పొయ్యి మసి కొబ్బరినూనెలో నూరి నలుపు చేసేవాడు. ఇటుక పొడితో ఎరుపు, పసుపుతో పచ్చ, సున్నంతో తెలుపు. రంగు కొట్టులో దొరుకుతుందని ఆయన ఎన్నడూ నమ్మలేదు. పొయ్యి ఉన్న ఇంట్లో నలుపుకు కరువేమిటి అనేవాడు. తిలకవతి ఆయన పక్కన కూర్చుని నూరేది. నూరడం వరకే. ఆడపిల్ల చెయ్యి వేషగాడి ముఖానికి తగలకూడదు.

ఆమెకు పదమూడేళ్ళ వయసులో, ఆటకు కాసేపట్లో మద్దెల మోగుతుందనగా వీరముత్తుకు చలిజ్వరం వచ్చింది. కుంచె పట్టుకుంటే చెయ్యి వణికిపోతోంది. మన్మథుడి ముఖం ఎలాగో పూర్తి చేశాడు. రతి వేషగాడు మురుగయ్య సగం ముఖంతో కూర్చుని ఉన్నాడు. తిలకవతి ఎవరినీ అడగకుండా కుంచె తీసుకుంది.

ఆచారం పాడవుతుందని గుడి పెద్ద లేచాడు. వీరముత్తు దుప్పటిలోంచే అన్నాడు:

"అది ఏడ్చే ఆడదాని ముఖం. మనలో ఎవడికి తెలుసు, ఎలా ఉంటుందో? వెయ్యనీయండి."

ఏటా రతికి గులాబీ బుగ్గలు, చేప కళ్ళు వేసేవారు. తిలకవతి బుగ్గలు లోపలికి లాగింది. కళ్ళ కింద మసి అద్దింది. బుట్ట తాడు బిగిసి తోట ఆడవాళ్ళ నుదుటి మీద పడే అడ్డగీత ఉంటుందే, అది మురుగయ్య నుదుటి మీద ఇటుక రంగుతో గీసింది. ఆ ముఖంతో రతి ఆటలోకి వచ్చేసరికి మగవాళ్ళు గుసగుసలాడారు. బూడిద చుట్టూ తిరుగుతూ మురుగయ్య ఏడుపు మొదలుపెట్టగానే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పొరుగింటి సెల్లమ్మ అత్తకు మొగుడు తేయాకు కర్మాగారంలో చనిపోయి అప్పటికి ఏడాది. ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని లయం అంతా, అంటే కూలీల గదుల వరసంతా, ఆమెను ఆడిపోసుకునేది. ఆ పూట ఆమె ఏడ్చింది.

మర్నాడు గుడి పెద్ద తిలకవతి ఇంటికి వచ్చి, దేవతకు కూలిదాని ముఖం పెడతావా అని తిట్టిపోశాడు. పిల్లకు పాతికమంది ముందు క్షమాపణ చెప్పించాలన్నాడు. పేచ్చాయి గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా కూతురు తప్పు చేయలేదు, చెప్పదు అంది. తరువాతి ఏడు నుంచి ఆ పిల్లను రంగుల దగ్గరకు రానివ్వలేదు.

బళ్ళో సవరిముత్తు మాస్టరు డ్రాయింగు చెప్పేవాడు. ఒకసారి మన తోట గీయమన్నాడు. పిల్లలందరూ ఒకేలా గీశారు. పచ్చటి దిండ్లలాంటి కొండలు, వాటి మధ్య సూర్యుడు, చుక్కల్లా మనుషులు. తిలకవతీ అలాగే గీసింది. మాస్టరు ఆమె కాగితం తీసుకుని, ఎక్కడ నిలబడి చూస్తే తోట ఇలా కనిపిస్తుంది అని అడిగాడు. ఆమె ఆలోచించి, పెద్ద దొర బంగళా దగ్గర అంది.

"మీ అమ్మ ఎక్కడ నిలబడుతుంది?"

"వరసలో."

"అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది?"

ముందున్న ఆడమనిషి వీపు కనిపిస్తుంది అని చెప్పింది. అయితే వీపు గీసుకురా అని పంపేశాడు. తిలకవతి ఆ తరువాత ఎన్ని బొమ్మలు వేసినా దొర బంగళా దగ్గరికి ఎక్కి వేయలేదు.

పదో తరగతి పరీక్ష రాశాక, లయంలో చాలామంది ఆడపిల్లల్లాగే ఆమెనూ కొలంబోలో ఇంటిపనికి పంపారు. ఒక పెద్దింట్లో అంట్లు, బట్టలు, పిల్లలు. కొన్నాళ్ళకు ఆ ఇంటి వెనక వీధిలో బోర్డులు రాసే రజాక్ షెడ్డు ఆమె కంటపడింది. కూరగాయలకని వెళ్ళి అక్కడ నిలబడిపోయేది. ఒకరోజు రజాక్, చూసింది చాలు, ఈ బోర్డు మీది కన్ను గీసి చూపించు అని సుద్దముక్క చేతిలో పెట్టాడు. వారంలోపల ఆమె పెద్దింటి పని మానేసి షెడ్డులో చేరింది. ఇంటావిడ, రేపు ఏడుస్తూ నా గుమ్మం దగ్గరకే వస్తావు అంది. గుమ్మాలు తుడిచింది చాలమ్మా అని తిలకవతి మూట తీసుకుని వచ్చేసింది.

షెడ్డులో ఆమె చాలాకాలం పనిచేసింది. గోడంత బొమ్మకు గళ్ళు గీసుకోవడం, దూరం నుంచి చూసేవాడికి ముక్కు ఎంత ఉండాలో, ఎండలో ఏ రంగు ముందు చస్తుందో అన్నీ అక్కడ నేర్చుకుంది. సబ్బులు, సిమెంటు, నాయకుల నవ్వులు వేసింది. పనయ్యాక అట్టముక్కల మీద లయం ఆడవాళ్ళను గీసుకునేది. రజాక్ అవి చూసి, కొనేవాడు లేని సరుకు చెల్లీ ఇది అనేవాడు గానీ, అట్టలు మాత్రం తడవకుండా పైన దాచేవాడు.

ఆ తరువాత వచ్చింది టీ కంపెనీ ఆర్డరు. హట్టన్ రోడ్డులో, కూనిమలై తోట మలుపులోనే, విదేశీయుల బస్సులు ఆగేచోట కంపెనీ కొత్త దుకాణం కట్టింది. దాని గోడ నిండా తమ పాత డబ్బా బొమ్మ వేయాలట. నమూనా పంపారు. రజాక్ దాన్ని బల్ల మీద పరిచాడు. ఎర్ర చీర, పూలు, నవ్వు.

"ఈవిడ మా అమ్మ అన్నా" అంది తిలకవతి.

రజాక్ ముందు నమ్మలేదు. నమ్మాక, నీకు కష్టమైతే వేరేవాణ్ణి పంపిస్తానన్నాడు.

"వేరేవాడు వెళ్తే ఆవిణ్ణి మళ్ళీ నవ్విస్తాడు. నేనే వెళ్తాను."

రజాక్ పాతికేళ్ళుగా కట్టుకున్న వ్యాపారం అది. ఆమె ముఖం చూస్తే ఆయనకు సంగతి తెలిసిపోయింది. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఆ గోడ మీద ఏం వేస్తావో నేను అడగను. నువ్వూ నాకు చెప్పకు" అన్నాడు.

తిలకవతి కూనిమలై వచ్చి ముందు తల్లిని అడిగింది. పేచ్చాయికి అప్పటికి మోకాళ్ళు పోయాయి. పని మానేసి లయం గదిలోనే ఉంటోంది. నిన్ను గోడ మీద వేయమంటున్నారమ్మా, వేయనా అంటే, వేసుకో, కానీ ఈసారి నవ్వను అంది. పాత పడంగు తీసి నడుముకు బిగించుకుని, బుట్ట తాడు నుదుటికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. కూతురు గీస్తున్నంతసేపూ కూర్చోమన్నా కూర్చోలేదు.

గోడకు గుడ్డలు కట్టి లోపల పని చేసింది తిలకవతి. పని జరిగేచోట అలా కట్టడం మామూలే గనుక ఎవరూ ఏమీ అనుకోలేదు. దుకాణం తెరిచే రోజు కంపెనీ నుంచి ప్రకటనలు చూసే పెద్దమనిషి వచ్చాడు. తోట దొర, గుమాస్తాలు, ఆకు తూకానికి వెళ్తూ ఆగిన ఆడవాళ్ళు అందరూ ఉన్నారు. గుడ్డలు లాగారు.

గోడంత పేచ్చాయి. ఉత్త కాళ్ళు, మడమల్లో పగుళ్ళు, చీలమండ మీద జలగ తాగిన చోట రక్తపు చార. తాడు కింద నుదుటి గీత. వేళ్ళ కొసలు ఆకు పసరుకు నల్లబడి ఉన్నాయి. కళ్ళు నేరుగా రోడ్డు వైపు చూస్తున్నాయి. పక్కన పెద్ద అక్షరాలతో పేరు, ఆమె తల్లి పేరు, అమ్మమ్మ పేరు.

ఆడవాళ్ళలో ఎవరో, ఇది మన పేచ్చక్క కాదూ అన్నారు. పెద్దమనిషి తిలకవతిని పిలిచాడు.

"మేం ఇచ్చిన బొమ్మ ఏది?"

"ఇదే సార్. ఆ ఫొటోలో ఉన్న మనిషే."

"ఫొటోలో ఆవిడ నవ్వుతోంది."

"అప్పుడు మీవాళ్ళు నవ్వమన్నారు. నేను ఏమీ అనలేదు. ఆవిడే ఇలా నిలబడింది."

చెరిపేసి రేపటికల్లా పాతది వేయమన్నాడాయన. వేయనంది తిలకవతి. నీ వెనక ఎవరున్నారు, ఏ సంఘం పంపింది అని దొర అడిగాడు. ఆమె గోడ వైపు చూపించి, వెనక ఎవరున్నారో కనబడుతూనే ఉంది కదా దొరా అంది.

సున్నం కొట్టమని తోట మగవాళ్ళకు చెప్పారు. ఒకడికి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకడి నిచ్చెన విరిగింది, మురుగయ్య అయితే సున్నం నా కంటికి పడదు దొరా అని మొహం మీదే చెప్పాడు. చివరికి పట్నం నుంచి మనుషులను తెచ్చి కొట్టించారు. పేచ్చాయి కర్ర ఊతతో మలుపు దాకా వచ్చి, తన కాళ్ళు, నడుము, ముఖం ఒక్కొక్కటీ తెల్లబడుతుంటే చూసింది. పక్కవాళ్ళు ఏడవబోతే కసిరింది. "చచ్చింది నేనా, గోడా?" అంది.

కంపెనీ రజాక్‌కు ఆర్డర్లు ఆపేసింది. తిలకవతి క్షమించమని అడగడానికి వెళ్తే ఆయన టీ తెప్పించి, సబ్బులవాళ్ళు ఉన్నారులే అన్నాడు. కానీ షెడ్డులో నలుగురి పని ఇద్దరికి తగ్గింది. ఆ ఇద్దరిలో తాను ఉండకూడదని ఆమే అనుకుంది. అటకమీది అట్టలన్నీ మూట కట్టి రజాక్ స్వయంగా బస్సు ఎక్కించాడు.

లయంలో తమ్ముడి కుటుంబంతో ఉంటూ ఆమె మొదట తమ ఇంటి గోడ మీద సెల్లమ్మ అత్త బొమ్మ మొదలుపెట్టింది. రెండో రోజే తోట ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. లయం గోడలు తోటవి. గోడ మీద గీత కనిపిస్తే గది ఖాళీ చేయించాల్సి ఉంటుందన్నాడు. తాతల కాలం నుంచి ఆ గదుల్లో పుట్టి, ఆ గదుల్లో పోయినవాళ్ళు ఒక్క మేకునైనా తమదని చెప్పుకోలేరు. తమ్ముడు భయపడ్డాడు. అక్కా, నీ బొమ్మల కోసం పిల్లలతో రోడ్డు మీద పడమంటావా అన్నాడు. అతని తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. తడిగుడ్డతో సెల్లమ్మ ముఖం తానే తుడిచేసింది. ఆ వేళ అన్నం ముట్టలేదు.

అప్పుడు సెల్లమ్మ వచ్చి గుమ్మంలో ఒక పడంగు విసిరింది. అరిగి, పసరు పట్టి, కుట్లు పడిన గోనె.

"గోడ వాళ్ళది. ఇది నాది. దీని మీద వెయ్యి" అంది.

తిలకవతి గోనెకు గంజి, సున్నం కలిపి పట్టించింది. వీరముత్తు మామ పద్ధతిలో మసి నూరింది. టీ పొడి మరిగించి గోధుమ రంగు తీసింది. సెల్లమ్మను వేసి కింద పూర్తి పేరు రాసింది. అది చూసి రెండో ఇంటావిడ తనది తెచ్చింది. ఆ తరువాత లయం లయమంతా తెచ్చారు. కొందరు తమ బొమ్మకు బంగారు చెవిపోగులు పెట్టమన్నారు. చెవికి లేనిది బొమ్మకు ఎందుకని తిలకవతి అంటే, తాకట్టు కొట్లో ఉన్నాయి, అవి నావే కదా అని ఒకావిడ గద్దించింది. నిజమేననిపించి పెట్టింది.

ఒక ఆదివారం ఎండ కాసింది. ఆడవాళ్ళందరూ పడంగులు తీసుకుని మలుపు దగ్గరకు వెళ్ళారు. కంపెనీ దుకాణానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, తాము ఎప్పుడూ బట్టలు ఆరేసుకునే తీగ మీదే వరసగా ఆరేశారు. బస్సులు ఆగాయి. దిగినవాళ్ళు దుకాణం వైపు వెళ్ళకుండా ఇటు వచ్చారు. కాసేపటికి దొర జీపు వచ్చింది. ఏమిటిదంతా అని అడిగాడు.

సెల్లమ్మ ముందుకు వచ్చింది. "పడంగులు దొరా. వారమంతా తడిశాయి. ఎండకి వేశాం."

"బొమ్మలున్నాయే?"

"మీ చొక్కా మీద గళ్ళు లేవా దొరా?"

తీయమన్నాడు. ఆరాక తీస్తామన్నారు. ఎప్పటికి ఆరతాయన్నాడు. గోనె కదా దొరా, దాని ఇష్టం అంది పేచ్చాయి, కర్ర మీద వాలి. ఆడవాళ్ళు ఒక్కరూ కదలలేదు. ఆ బొమ్మల కిందే తమ తమ పేర్ల దగ్గర నిలబడ్డారు. జీపు చాలాసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయింది. తరువాత రోడ్డు పక్కన బట్టలు ఆరేయరాదని నోటీసు అతికించారు. దాని మీద కూడా ఎవరో తడి పడంగు కప్పారు.

బస్సులవాళ్ళు తీసిన ఫొటోలు చూసి కొలంబోలో ఒక బొమ్మల ప్రదర్శనశాలవాళ్ళు కబురు పంపారు. తిలకవతి ఒకటే చెప్పింది. పడంగులు అమ్మకానికి కాదు, ఏ పడంగు వస్తే దాని మనిషీ వెంట వస్తుంది. వాళ్ళు తటపటాయించి ఒప్పుకున్నారు. తోట ఆడవాళ్ళు రొట్టెలు, సంబల్ అనే కొబ్బరి పచ్చడి కట్టుకుని బస్సెక్కారు. ప్రదర్శనశాల నున్నటి నేల మీద జారతామేమోనని గోడ వెంబడి నడిచారు. అక్కడ ఒక పెద్దావిడ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇంత దుఃఖమే ఎందుకు, ఒక్కరైనా ఎందుకు నవ్వడం లేదు అని అడుగుతోందని ఎవరో చెప్పారు. తిలకవతి కంటే ముందు సెల్లమ్మ అందుకుంది.

"దుఃఖం ఎవరికమ్మా? పనిలో ఉన్నాం. మీరు ఆఫీసులో ఇకిలిస్తూ కూర్చుంటారా?"

ఇంతా జరిగాక తిలకవతి ఎక్కడికైనా వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. తోట ఆఫీసు నుంచి హెచ్చరికలు ఇప్పటికీ వస్తాయి. తమ్ముడు ఇప్పటికీ భయపడతాడు, కానీ గంజి మాత్రం తనే కాచి ఇస్తాడు. పేచ్చాయి తన పడంగు తలగడ కింద పెట్టుకుంటుంది, అప్పుడప్పుడూ తీసి చూసి ముక్కు లావుగా వేశావని సాధిస్తుంది.

ఈమధ్య తిలకవతి పాత పడంగులు ఎన్నో కలిపి కుట్టించి, గుడి వెనక రేకుల పంచలో పరిచి పెద్ద బొమ్మ పెట్టుకుంది. హట్టన్ నుంచి కొలంబో వెళ్ళే పొద్దుటి బస్సు. లోపలంతా ఇంటిపనులకు వెళ్ళే తోట ఆడపిల్లలు, ఒళ్ళో గుడ్డసంచులు. వాళ్ళ పేర్లు అడగడానికి ఆమె పక్క తోటల లయాలన్నీ తిరిగింది. కొందరు తల్లులు తలుపు వేసుకున్నారు. పనికి పంపిన సంగతి బొమ్మకెక్కడం వాళ్ళకు ఇష్టం లేదు. వాళ్ళ పిల్లల సీట్లను ఖాళీగానే వదిలింది. ఎందుకలా వదిలావని అడిగినవాళ్ళతో, ఆ పిల్లలూ బస్సు ఎక్కినవాళ్ళేగా అంటుంది.

మొన్న పొద్దున పేచ్చాయి ఈడుదే ఒక ముసలావిడ కొండ అవతలి నుంచి నడిచి వచ్చింది. తలుపు వేసుకున్నవాళ్ళలో ఆమె ఒకతె. చాలాసేపు బస్సు చుట్టూ తిరిగి చూసి, నా మనవరాలిని వెయ్యి అంది. తిలకవతి మధ్యలో ఖాళీ సీటు చూపించింది.

"అక్కడ కాదు" అంది ముసలావిడ. "దానికి బస్సు పడదు, వాంతులవుతాయి. కిటికీ పక్కన కూర్చోబెట్టు."

కిటికీ పక్క సీట్లో అప్పటికే వేరే పిల్ల ఉంది. తిలకవతి తడిగుడ్డ తీసుకుని ఆ పిల్లను తుడిచి, పక్క సీటుకు జరపడం మొదలుపెట్టింది. ముసలావిడ చెప్పులు విడిచి గోనె మీదే చతికిలబడింది.